చిన్న సినిమాకు లింకు డాక్యుమెంట్లు: స్వతంత్ర నిర్మాణంపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ కృష్ణానగర్‌లోని మా సినిమా నిర్మాణ సంస్థ కార్యాలయం రెండు గదులది. ఒక గది ఎడిటింగ్‌కు పోగా, రెండో గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. వచ్చినవారు కెమెరాలు ఎక్కడని చూస్తారు గాని, అవి ఎప్పుడూ అద్దెవే. మా ఆస్తి అంతా బీరువాలోని ఒప్పంద పత్రాలే. చాలా ఏళ్లుగా నిర్మాణ వ్యవహారాలు చూస్తున్నవాడిగా, కొత్త దర్శకుల నుంచీ, సొంత డబ్బుతో సినిమా తీద్దామని వచ్చే మిత్రుల నుంచీ తరచూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: తక్కువ ఖర్చుతో తీసినదల్లా స్వతంత్ర సినిమాయే.

వాస్తవం: కథ ఏమిటో, ఎవరు నటించాలో, చివరి కూర్పు ఎలా ఉండాలో తీసేవారే నిర్ణయించుకోగలిగితే అది స్వతంత్ర సినిమా. ఫైనాన్షియర్ దగ్గర వడ్డీకి తెచ్చి, పూచీగా హక్కులన్నీ ముందే రాసిచ్చి తీసిన సినిమా ఎంత చిన్నదైనా స్వతంత్రమైనది కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం దృష్టిలో సినిమాకు కర్త నిర్మాత, దర్శకుడు కాదు. ఈ మాట చెప్పగానే చాలామంది దర్శకుల ముఖాలు వాడిపోతాయి. కాబట్టి నలుగురు స్నేహితులు కలిసి సినిమా తీయదలచుకుంటే, ముందుగా భాగస్వామ్య సంస్థనో ఎల్‌ఎల్‌పీనో (పరిమిత బాధ్యత గల భాగస్వామ్యం) నమోదు చేసుకుని, హక్కులు ఎవరి పేరున ఉంటాయో మొదటి రోజు షూటింగ్‌కు ముందే రాసుకోవాలి.

మా మొదటి సినిమాకు మేము ఆ పని చేయలేదు. స్నేహితుల మధ్య కాగితాలేమిటి అనుకున్నాం. సినిమా పూర్తయ్యాక ఒక కొనుగోలుదారు ముందుకు వచ్చి, స్థలం కొనేవాడు లింకు డాక్యుమెంట్లు అడిగినట్టే, కథా రచయిత మొదలు సంగీత దర్శకుడి వరకు ఎవరెవరు ఏ హక్కు ఎవరికి బదలాయించారో చూపమన్నారు. సంగీత దర్శకుడి సంతకం మా దగ్గర లేదు, ఆయన అప్పటికి చెన్నై వెళ్లిపోయారు. పైగా 2012 సవరణ తరువాత, సినిమా హాల్లో ప్రదర్శనకు వెలుపల పాటను వాడుకునే సందర్భాల్లో గేయ రచయితకూ స్వరకర్తకూ రాయల్టీ వాటా ఉంటుంది. దాన్ని వారు మనకు వదిలేస్తున్నట్టు రాయించుకున్నా చెల్లదు. ఆ పత్రాలు సరిచేసుకునేందుకు నాలుగు నెలలు పట్టింది, ఈలోగా బేరం చల్లబడింది. తప్పు పూర్తిగా మాదే.

అపోహ: డిజిటల్ కెమెరాలు వచ్చాక సినిమా ఎవరైనా తీయవచ్చు, ఖర్చే లేదు.

వాస్తవం: ఫిల్ము ఖర్చు పోయింది గాని బేటాలు (రోజువారీ భత్యాలు), భోజనాలు, బండ్లు, జనరేటర్ ఎక్కడికీ పోలేదు. షూటింగ్ ముగిశాక డీఐ (రంగులు సరిదిద్దే పని), సౌండ్ మిక్సింగ్, డీసీపీ (థియేటర్లలో ఆడించే డిజిటల్ ప్రతి) వరుసగా వస్తాయి, చాలామంది డబ్బు సరిగ్గా అక్కడికి వచ్చేసరికి అయిపోతుంది. ఇంకో సంగతి, హైదరాబాద్‌లో స్వతంత్ర ప్రయత్నాలు చౌక కెమెరాలతో మొదలైనవి కావు, బి. నర్సింగరావు ‘దాసి’ 1988 నాటిది, శేఖర్ కమ్ముల ‘డాలర్ డ్రీమ్స్’ 2000 నాటిది.

అపోహ: కోటి రూపాయల గ్రాస్ (టికెట్ల మొత్తం వసూళ్లు) వస్తే నిర్మాతకు కోటి వచ్చినట్టే.

వాస్తవం: మల్టీప్లెక్స్‌లో ఒక టికెట్ 177 రూపాయలనుకుందాం. అందులో 18 శాతం జీఎస్టీ కింద 27 రూపాయలు పోగా నెట్ 150. థియేటర్‌తో సగం సగం లెక్క కుదిరితే 75 మిగులుతుంది, పంపిణీదారు పది శాతం కమిషన్ తీసుకుంటే 67 రూపాయల 50 పైసలు. ఈ మొత్తం నుంచే డిజిటల్ ప్రొజెక్షన్ రుసుము, పోస్టర్లు, ప్రచారం ఖర్చులు తీయాలి. ఆ రుసుము తగ్గించాలంటూ 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు థియేటర్లకు సినిమాలివ్వడమే ఆపారంటే దాని బరువు ఊహించుకోవచ్చు. సింగిల్ స్క్రీన్లలో అద్దె పద్ధతి ఉన్నచోట పరిస్థితి మరీ విచిత్రం: వసూళ్లు అద్దెకు చాలకపోతే, తక్కువపడినది మనమే కట్టాలి. నలుగురు ప్రేక్షకులున్న మ్యాట్నీకి ఎదురు డబ్బు కట్టిన రోజులు నాకు గుర్తున్నాయి.

అపోహ: థియేటర్ లేకపోయినా ఓటీటీ వారు కొనేస్తారు.

వాస్తవం: 2020లో థియేటర్లు మూతపడినప్పుడు అలా కొన్నారు, ఆ ఏడాదే ఆహా కూడా మొదలైంది. ఇప్పుడు మా వంటివారికి ఎక్కువగా వినిపించే జవాబు, ముందు విడుదల చేయండి, ఫలితం చూసి మాట్లాడదాం అన్నదే. ఓటీటీ ఆదాయాన్ని బడ్జెట్‌లో జమ వైపు రాసుకోవద్దని మాత్రం చెప్పగలను.

అపోహ: సెన్సార్ అంటే బూతులు, రక్తం ఉన్నవారికే చిక్కు.

వాస్తవం: మా సినిమాలో అవేవీ లేవు. ఒక ఎడ్లబండి షాట్ ఉంది. జంతువులతో చిత్రీకరణకు జంతు సంక్షేమ మండలి నుంచి ముందే అనుమతి తీసుకోవాలని మాలో ఎవరికీ తట్టలేదు, చివరికి సూర్యోదయంలో తీసిన ఆ షాట్‌ను మేమే కోసేసుకున్నాం. 2024 నిబంధనలతో యూఏ (పెద్దల మార్గదర్శకత్వంతో పిల్లలు చూడదగ్గ) విభాగం 7, 13, 16 ఏళ్ల వయసుల వారీగా విడిపోయిందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అపోహ: పెద్ద సంస్థ చేయి వేస్తే స్వతంత్రత పోయినట్టే.

వాస్తవం: 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో నటించినవారిలో అత్యధికులు ఆ ఊరివారే, దర్శకుడు వెంకటేష్ మహా, నిర్మాత ప్రవీణ పరుచూరి కొత్తవారే. సినిమా పూర్తయిన తరువాతే సురేష్ ప్రొడక్షన్స్ అండతో అది థియేటర్లకు వచ్చింది. ఇక్కడ చూడవలసినది చేయి వేసిన సమయం. కథ దశలోనే పెద్దల డబ్బు తీసుకుంటే వారి సలహాలు కూడా తీసుకోవలసి వస్తుంది. తొలి కాపీ, అంటే పూర్తయిన సినిమా చేతిలో పెట్టుకుని వెళితే మాట్లాడవలసింది పంపిణీ గురించే. మేము ఇప్పుడు అలాంటి ప్రతి ఒప్పందంలోనూ, నిర్మాత లిఖితపూర్వక అనుమతి లేకుండా నిడివి మార్చరాదన్న ఒక్క వాక్యాన్ని ఎర్రసిరాతో గీత గీసి మరీ సంతకం చేస్తున్నాం.