చేలో ఉన్నది ఏ రకమో డీఎన్ఏనే అడిగితే

ఇథియోపియాలో 2016–17 పంట కాలంలో దాదాపు 4,000 గోధుమ చేలలోని రకాలకు డీఎన్ఏ పరీక్ష చేశారు. రైతు చెప్పిన పేరునీ, డీఎన్ఏ చెప్పిన పేరునీ పక్కపక్కన పెట్టి చూస్తే, తన చేలో ఉన్న రకం పేరు సరిగ్గా చెప్పగలిగినవాళ్ళు 28 శాతమే!

ఇందులో రైతు తప్పేమీ లేదు. కిందటి పంటలోంచి దాచుకున్న గింజలో, పక్క చేను వాళ్ళనడిగి తెచ్చుకున్నవో, సంతలో కొన్నవో వేసుకుంటారు, పేరు రాసిన సంచి ఎప్పుడో పోయుంటుంది. కానీ కొత్త వంగడాలు ఎంత మందికి చేరాయో ప్రభుత్వాలు లెక్కకట్టేది చాలావరకు రైతుల్ని అడిగే. అక్కడే అసలు టెన్షన్. 2010లో పసుపు తుప్పు తెగులు వచ్చి, ఎక్కువగా సాగులో ఉన్న కుబ్సా అనే రకాన్ని ఘోరంగా దెబ్బతీసింది. ఆ తెగులును తట్టుకున్న దిగలు రకం 2013లో కాండం తుప్పు అనే ఇంకో తెగులుకు బలైపోయింది. ఏ జిల్లాలో ఏ రకం ఉందో తెలియకపోతే తర్వాతి తెగులు ఎక్కడ కొంప ముంచుతుందో ముందే ఎలా చెప్పగలం?

పరీక్షలో గింజల డీఎన్ఏలో వేల చోట్ల తేడాలు చదివి, వంగడాన్ని తయారుచేసిన పరిశోధన కేంద్రాల అసలు విత్తనంతో పోలుస్తారు. గోధుమ ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి ఏళ్ళ తరబడి దాచుకుని వేసినా రకం పెద్దగా మారదు. మొక్కజొన్న అలా కాదు, పక్క చేల పుప్పొడి గాలికి కొట్టుకొచ్చి కలిసిపోతుంది, అందుకే అక్కడ "ఇది ఏ రకం" అని కాక "ఇందులో ఆ రకం ఎంత మిగిలింది" అని అడగాలి. ఇంకో చిక్కు, పోల్చడానికి పెట్టుకున్న అసలు విత్తనంలోనే కల్తీ ఉంటే ఫలితమంతా తప్పే.

నాకు బాగా నచ్చిన సంగతి ఏంటంటే, పేరు తెలియకపోయినా తుప్పును తట్టుకునే కొత్త గోధుమ రకాలు ఇథియోపియా చేలలో బాగానే పాకిపోయాయి. అయితే రైతు ఆ గింజనే ఎందుకు ఎంచుకున్నాడో, రుచి కోసమో గడ్డి కోసమో, ఏ ల్యాబూ చెప్పదు, ఆయన్ని కూర్చోబెట్టి అడగాల్సిందే.

మన దగ్గరా ఇది పనికొస్తుంది. బాపట్ల సాంబ మసూరికి (బీపీటీ 5204) బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు చేర్చి హైదరాబాద్ శాస్త్రవేత్తలు మెరుగైన సాంబ మసూరిని తయారుచేశారు, 2008లో విడుదలైంది. గింజ చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. చేలో ఉన్నది ఏదో తేల్చాలంటే ఆ మూడు జన్యువులు ఉన్నాయో లేదో చూడాల్సిందే.