వీల్‌చైర్ పాత్ర, నడవగలిగే నటుడు

సీరియల్లో ఒక పాత్ర ప్రమాదంలో కాళ్లు పోగొట్టుకుంటే తర్వాత ఏమవుతుందో ప్రేక్షకులు చాలాకాలం ముందే చెప్పేసేవారు. అయితే ఒకరోజు అద్భుతం జరిగి లేచి నడవాలి, లేదంటే చనిపోవాలి. విలన్‌కి వైకల్యం వస్తే అది చేసిన పాపానికి శిక్ష. ఇవేవీ టీవీ కనిపెట్టినవి కావు. పాత కథల నుంచీ నాటకాల నుంచీ సినిమాల నుంచీ వచ్చినవే.

కాకపోతే సీరియల్ ఏళ్ల తరబడి నడుస్తుంది. వైకల్యాన్ని కథలో మలుపుగా కాకుండా రోజువారీ బతుకుగా చూపించాలంటే అంత వ్యవధి కావాలి. అమెరికాలో 1967 నుంచి 1975 దాకా వచ్చిన 'ఐరన్‌సైడ్'లో తూటా దెబ్బకు నడుము కింద చచ్చుబడిన డిటెక్టివ్ చివరిదాకా వీల్‌చైర్‌లోనే కేసులు ఛేదించాడు. అప్పటికి అది పెద్ద అడుగే. అయితే ఆ పాత్ర వేసిన రేమండ్ బర్ షాట్ అయిపోగానే లేచి నడిచి వెళ్లగలడు. అసలు పేచీ అక్కడే ఉంది.

1989లో మొదలైన అమెరికన్ సీరియల్ 'లైఫ్ గోస్ ఆన్' దీన్ని మార్చింది. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే వచ్చే, బుద్ధి ఎదుగుదలను నెమ్మది చేసే జన్యు స్థితి) ఉన్న క్రిస్ బర్క్, అదే సిండ్రోమ్ ఉన్న కుర్రాడిగా నాలుగు సీజన్లు నటించాడు. ఆ కుర్రాడు మామూలు బడికి వెళ్తాడు, ప్రేమిస్తాడు, పెళ్లి చేసుకుంటాడు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ పెళ్లి. వైకల్యం ఉన్నవాళ్లకి అంతకుముందు తెర మీద జాలి దొరికేది కానీ ప్రేమ దొరికేది కాదు.

ఆ జాలి మీదే బ్రిటన్‌లో తిరుగుబాటు వచ్చింది. అక్కడి ఐటీవీ ఛానెల్ 'టెలిథాన్' పేరుతో గంటల తరబడి విరాళాలు అడిగే కార్యక్రమం నడిపేది. మమ్మల్ని దీనులుగా చూపించి డబ్బులు అడగొద్దు, మాకు హక్కులు కావాలి అంటూ 1990లో, మళ్లీ 1992లో వికలాంగులు లండన్‌లోని స్టూడియో ముందు నిరసనకు దిగారు. 1992 తర్వాత టెలిథాన్ మళ్లీ రాలేదు. వివక్షను నిషేధించే చట్టం 1995లో వచ్చింది. రెండో నిరసన జరిగిన ముప్పై ఏళ్లకు, 2022లో, బీబీసీ ఆ ఉద్యమాన్నే 'దెన్ బార్బరా మెట్ అలన్' అనే డ్రామాగా తీసింది. ఇద్దరు ముఖ్య నటులూ వైకల్యం ఉన్నవాళ్లే. రాసిన ఇద్దరిలో ఒకరైన జెనెవీవ్ బార్ బధిరురాలు.

దారి మాత్రం తిన్నగా సాగలేదు. 2013లో 'ఐరన్‌సైడ్'ని మళ్లీ తీసినప్పుడు కూడా నడవగలిగే నటుడినే పెట్టుకున్నారు. విమర్శలు వచ్చాయి, సీరియల్ కొద్ది ఎపిసోడ్లకే ఆగిపోయింది. అదే ఏడాది 'స్విచ్డ్ ఎట్ బర్త్' అనే మరో అమెరికన్ సీరియల్ ఒక ఎపిసోడ్‌ని దాదాపు మొత్తం సైగల భాషలోనే నడిపింది. మాటలు వినగలిగేవాళ్లు కూడా సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూడాల్సి వచ్చింది.

2021లో ఎడిన్‌బరా టీవీ ఉత్సవంలో రచయిత జాక్ థోర్న్ తన ఉపన్యాసం మొత్తాన్ని ఈ విషయానికే కేటాయించాడు. వికలాంగుల పట్ల టీవీ పూర్తిగా విఫలమైందని తన రంగం ముందే నిలబడి చెప్పాడు. తర్వాత అతనూ సహచరులూ కలిసి చేసిన ప్రచారం అడిగినవి చాలా మామూలు విషయాలు: షూటింగ్ జరిగే చోట వీల్‌చైర్ పట్టే టాయిలెట్, నటులకూ సిబ్బందికీ ఏ సౌకర్యం కావాలో ముందే కనుక్కుని ఏర్పాటు చేసే ఒక కోఆర్డినేటర్.