కళా సంస్థలకు బిజినెస్ పాఠాలు: రోజూ వినే అపోహలు, అసలు లెక్కలు

హైదరాబాద్‌లో నాటక సమాజాలు, డ్యాన్స్ స్కూళ్లు, సంగీత సభలు, చిన్న గ్యాలరీలు నడిపేవాళ్లకి బడ్జెట్, ఒప్పందాలు, నిధుల సేకరణ నేర్పడం నా పని. క్లాసుకి వచ్చేవాళ్లలో వేదిక ఎక్కేవాళ్లు తక్కువ. కార్యదర్శి, కోశాధికారి, గురువుగారి ఫోన్లన్నీ తనే ఎత్తే సీనియర్ శిష్యురాలు, బ్యాంకులో రిటైరై సభ లెక్కలు చూస్తున్న పెద్దాయన, ఇలాంటివాళ్లు వస్తారు. హాలు బుక్ చేసేదీ, చివరి నిమిషంలో జేబులోంచి తీసి సౌండ్ అబ్బాయికి ఇచ్చేదీ వీళ్లే. మొదటి గంటలో వీళ్ల నోట వచ్చే మాటలు ఏ బ్యాచ్‌లో చూసినా ఇంచుమించు ఒకటే. వాటి గురించే ఇది.

అపోహ: కళని వ్యాపారం చేస్తే పోయింది. మన పెద్దలు డబ్బు చూసుకోలేదు.

పెద్దలు బాగానే చూసుకున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సమాజం ఆ తర్వాత ఎన్నో బృందాలుగా పెరిగింది. ఊరూరా తాత్కాలిక థియేటర్ వేసుకుని, టికెట్లు అమ్మి, తెరలూ ట్రిక్కు సీన్లూ ఆ డబ్బుతోనే తయారు చేయించుకుంటూ తరతరాలు బతికిన కుటుంబాలవి. ఎన్నాళ్లకి నాటకం మార్చాలి, ఏ ఊళ్లో ఎన్నాళ్లుండాలి, ఎప్పుడు డేరా ఎత్తాలి అన్నవి వాళ్లకి రోజువారీ లెక్కలు. ఈ రోజు శేరిలింగంపల్లి సురభి కాలనీలో ఉన్నది ఆ వారసులే. సినిమా వచ్చాక వాళ్ల గల్లాపెట్టె దెబ్బతింది నిజమే, కానీ గల్లాపెట్టె ఉండటం వల్ల కళ చెడిందని అనగలమా?

ఈ మాట అనేవాళ్లలో ఎక్కువమందికి వేరే ఆదాయం ఉంటుందని కూడా నేను గమనించాను. పక్కవాద్యం వాయించి ఇల్లు గడుపుకునే మృదంగం విద్వాంసుడు ఎప్పుడూ ఇలా అనడు.

అపోహ: హైదరాబాద్‌లో టికెట్ పెడితే ఎవరూ రారు.

దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. క్లాసులో సగం గొడవ ఇక్కడే జరుగుతుంది.

ముందు ఖర్చు రాద్దాం. ఒక డ్యాన్స్ స్కూల్ నాలుగొందల సీట్ల హాల్లో నృత్యరూపకం వేస్తోందనుకోండి. అంకెలు ఊహించుకున్నవే, హాలుని బట్టి మారతాయి. హాలు అద్దె 25,000. లైట్లు, సౌండ్ 20,000. పక్కవాద్యం 30,000. మేకప్, దుస్తులు, నగల అద్దె 25,000. వీడియో, ఫొటోలు 15,000. రవాణా, రిహార్సల్ రోజుల టిఫిన్లు 12,000. ఫ్లెక్సీలు, ఆహ్వాన పత్రాలు 8,000. శాలువాలు, మెమెంటోలు, బొకేలు 15,000. మొత్తం లక్షన్నర.

ఇక్కడితో పెన్ను మూసేస్తారు. అప్పుడు నేను అడుగుతాను: రెండు నెలలు పాటలకి నృత్యం కూర్చిన టీచర్‌గారికి ఎంత? ఫోన్లు చేసి, పర్మిషన్లు తెచ్చి, ఆ రోజు గేటు దగ్గర నిలబడ్డ మీకెంత? "మాకేంటండీ, మనింటి పనే కదా" అంటారు. సరే, తీసుకోకండి, కానీ రాయండి. దానికి ఒక యాభై వేలు వేసుకుంటే అసలు ఖర్చు రెండు లక్షలు. హాల్లో రెండొందల యాభై మంది కూర్చుంటే ఒక్కో ప్రేక్షకుడి మీద ఎనిమిది వందలు ఖర్చవుతోంది. "ప్రవేశం ఉచితం" అని రాసిన రోజున కూడా ఆ ఎనిమిది వందలు ఎవరో కడుతూనే ఉన్నారు. కొంత టీచర్‌గారు, కొంత కార్యదర్శి. డ్యాన్స్ స్కూల్ అయితే ఎక్కువ భాగం వేషాలు కట్టిన పిల్లల అమ్మానాన్నలు. డ్రెస్ డబ్బులు, మేకప్ డబ్బులు, కార్యక్రమం డబ్బులు అని విడివిడిగా వసూలవుతాయి కాబట్టి అసలు స్పాన్సర్లు వాళ్లేనని ఎవరికీ తట్టదు. బ్యానర్ మీద మాత్రం వెయ్యి రూపాయల బొకే తెచ్చిన పెద్దమనిషి ఫొటో ఉంటుంది.

ఇప్పుడు టికెట్ సంగతి. రెండొందల టికెట్ పెట్టి ఆ రెండొందల యాభై మందీ కొన్నా వచ్చేది 50,000. అంటే టికెట్ ఒక్కదానితో గట్టెక్కలేం, ఆ మాట ముందే ఒప్పుకోవాలి. మిగతా లక్షన్నర ఎవరు పెట్టుకుంటున్నారో హాలు బుక్ చేయకముందే తేలాలి, శిక్షణ ముఖ్యంగా అందుకే. సభ్యత్వ రుసుమా, దాతలా, గ్రాంటా, స్కూలు ఫీజుల్లోంచి కొంతా? ఏదీ లేదంటే పెద్ద హాలు మానేసి చిన్నచోట రెండు రోజులు వేయడమా? శాలువాల మీద పెట్టేది పక్కవాద్యం ఖర్చులో సగం అయిందని పట్టికలో కనిపించాక కొందరు సన్మానాలు తగ్గించుకున్నారు. ఆ ఒక్క వరస తీసేసినందుకు కార్యక్రమం ముప్పావుగంట ముందే అయిపోతుంది, అది ప్రేక్షకులకి అదనపు లాభం.

టికెట్ పెడితే రారు అన్నది సగం నిజం. మనం పాసులకి అలవాటు చేసిన జనం రారు. ఇదే ఊళ్లో స్టాండప్ కామెడీకి 499 పెట్టి వచ్చే కుర్రాళ్లు ఉన్నారు. వాళ్లకి మన కార్యక్రమం జరుగుతోందని తెలియను కూడా తెలియదు. ఎందుకంటే మన ప్రచారమంతా మన వాట్సాప్ గ్రూపుల్లోనే, మన బంధువుల మధ్యే తిరుగుతుంది. బంధువులకి టికెట్ అమ్మాలంటే మొహమాటం. "అన్నా, నాకు కూడా టికెట్టా?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పడం మా క్లాసులో ఒక ప్రాక్టీసు. నవ్వుకుంటారు గానీ చాలామందికి అన్నిటికంటే కష్టమైంది అదే.

పన్ను భయం కూడా ఒకటి ఉంది. నాటకం, నృత్యం, కచేరీ ప్రవేశ టికెట్ ఒక్కొక్కరికి 500 రూపాయలు దాటకపోతే దాని మీద జీఎస్టీ లేదు. శాస్త్రీయ, జానపద సంగీతం, నృత్యం, నాటక ప్రదర్శనకి కళాకారుడు తీసుకునే పారితోషికం లక్షన్నర దాటకపోతే దానికీ మినహాయింపు ఉంది. సినిమా పాటల ఆర్కెస్ట్రాకి ఈ రెండోది వర్తించదు. మీ సంస్థ పరిస్థితి మీ ఆడిటర్‌ని అడగండి, కానీ అడక్కుండానే "జీఎస్టీ గొడవ మనకెందుకు" అని టికెట్ మానేయకండి.

అపోహ: 80జీ తెచ్చుకుంటే దాతలు క్యూ కడతారు.

80జీ అంటే మీకు విరాళం ఇచ్చినవాళ్లకి ఆదాయపు పన్నులో మినహాయింపు దొరికేలా సంస్థ తెచ్చుకునే గుర్తింపు. తెచ్చుకోండి, అవసరమే. కానీ అది విరాళాలు తెచ్చే మంత్రం కాదు. 80జీ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే దొరుకుతుంది. ఇప్పుడు మామూలుగా వర్తించేది కొత్త విధానం, జీతగాళ్లలో చాలామంది అందులోనే ఉన్నారు, వాళ్లకి మీ రసీదుతో పన్ను తగ్గదు. పాత విధానంలో ఉన్నవాళ్లకైనా నగదుగా ఇచ్చింది రెండు వేలు దాటితే ఆ విరాళం లెక్కలోకి రాదు. కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లూ మారాయి కాబట్టి పాత రసీదు పుస్తకం అలాగే వాడేయకుండా ఒకసారి ఆడిటర్‌కి చూపించండి.

దాత డబ్బు ఇచ్చేది మీ పని నచ్చి, మీ మీద నమ్మకంతో. కార్యక్రమం అయ్యాక ఒక పేజీలో "ఇంత వచ్చింది, ఇందుకు ఖర్చయింది" అని పంపే సంస్థలు మన ఊళ్లో చాలా తక్కువ. పంపినవాళ్లకి మరుసటి ఏడాది అడగడం తేలికవుతుంది.

అపోహ: హైటెక్ సిటీ నిండా కంపెనీలే. ఎవరో ఒకరు సీఎస్సార్ కింద మన వార్షికోత్సవానికి ఇస్తారు.

ఇవ్వరు. చాలావరకు ఇవ్వలేరు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక పనులకి పెట్టాలి, సీఎస్సార్ అంటే అదే. ఏ పనులకి పెట్టవచ్చో చెప్పే ఏడో షెడ్యూల్‌లో కళలు, సంస్కృతి, వారసత్వ రక్షణ, సంప్రదాయ కళలు, హస్తకళలు, గ్రంథాలయాలు ఉన్నాయి. అంతవరకు శుభవార్తే.

అయితే అవార్డు ఫంక్షన్, మారథాన్ లాంటి ఒక్కరోజు కార్యక్రమాలు సీఎస్సార్‌గా చెల్లవని కేంద్రం 2014లోనే స్పష్టం చేసింది. ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ కూడా నిబంధనల ప్రకారం సీఎస్సార్ కిందికి రాదు. లోగో వేస్తాం, స్టేజీ మీదకి పిలుస్తాం అంటే మీరు అడుగుతున్నది మార్కెటింగ్ బడ్జెట్‌లోంచి. ఆ టేబులు వేరు, మనిషి వేరు, అడిగే ప్రశ్న వేరు: "మీ ప్రేక్షకులెవరు, ఎంతమంది, ఏ వయసు?" దానికి మన దగ్గర జవాబుండదు, ఎందుకంటే గేటు దగ్గర ఎవరూ లెక్కపెట్టరు.

సీఎస్సారే కావాలంటే ఏడాది పొడవునా నడిచే పని చూపించాలి. ప్రభుత్వ బడుల్లో ఒగ్గుకథ నేర్పించడం, చేర్యాల నకాషీ చిత్రకారుల దగ్గర కుర్రాళ్లకి శిక్షణ, పాత రికార్డింగులు భద్రపరచడం, అలాంటివి. సంస్థకి కనీసం మూడేళ్ల పని చరిత్ర ఉండాలి, పన్ను రిజిస్ట్రేషన్లు ఉండాలి, కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్సార్-1 ఫారం దాఖలు చేసి నంబరు తెచ్చుకోవాలి. ఇవి లేకుండా మాదాపూర్‌లో ఆఫీసుల చుట్టూ తిరిగితే పెట్రోలు ఖర్చే మిగులుతుంది.

అపోహ: సొసైటీ రిజిస్టర్ చేయించాం, ఇక పేపర్ల పని అయిపోయింది.

ఏడుగురు సభ్యులతో సొసైటీ పెట్టడం తేలిక. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కి పంపడం దగ్గరే బద్ధకిస్తారు. గ్రాంటుకి అప్లై చేసే వారం ముందు ఐదేళ్ల మినిట్స్ ఒకే పెన్నుతో ఒకే రాత్రి రాసిన పుస్తకాలు చూశాను. చూసే అధికారికి కూడా తెలుస్తుంది.

అపోహ: మనలో మనకి అగ్రిమెంట్ ఏంటి, మాట చాలు.

బయానా ఎంత, కార్యక్రమం రద్దయితే అది ఎవరిది, వాన పడి శిల్పారామంలో ఆరుబయట వేదిక ఆగిపోతే సౌండ్ వాళ్లకి ఎంత ఇవ్వాలి, వీడియో యూట్యూబ్‌లో పెట్టే హక్కు ఎవరిది? ఈ నాలుగూ వాట్సాప్ మెసేజ్‌లో రాసుకున్నా ఎంతో నయం. గౌరవం ఉన్నచోట రాత అవసరం లేదంటారు. నేను చూసినంతలో గురువుగారికి ఇవ్వాల్సింది ఎంతో రాసుకోని చోటే ఆయనకి తక్కువ ముట్టింది, ఎందుకంటే ఆయన అడగరు.

నాటకాల వాళ్లకి రచయిత హక్కు సంగతి ఉంటుంది. డబ్బు కట్టని ప్రేక్షకుల ముందు ఔత్సాహిక బృందం వేసే ప్రదర్శనకి కాపీరైట్ చట్టంలో వెసులుబాటు ఉంది. టికెట్ పెట్టగానే ఆ వెసులుబాటు పోతుంది, అనుమతి కావాలి. రచయిత చనిపోయాక అరవై ఏళ్లు హక్కు ఉంటుంది. 1915లో పోయిన గురజాడ నాటకాలకి ఆ ఇబ్బంది లేదు. వాటికి ఈ మధ్య ఎవరైనా చేసిన కొత్త రంగస్థల అనుసరణ వాడుకుంటే మాత్రం ఆ అనుసరణకర్తని అడగాలి.

అపోహ: టీడీఎస్ కట్ చేశారంటే ఆ డబ్బు పోయినట్టే.

పోలేదు. టీడీఎస్ అంటే డబ్బు ఇచ్చేవాళ్లు ముందే పట్టుకుని మీ పేరున కట్టే పన్ను. పాన్ సరిగ్గా ఇచ్చి రిటర్ను వేస్తే, పన్ను పడనివాళ్లకి తిరిగి వస్తుంది. డప్పు, ఒగ్గు బృందాలకి కార్పొరేట్ కార్యక్రమాల్లో ఇలా కట్ అయిన డబ్బు ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తున్నారు. సంస్థలో ఒక్కరికి ఇది తెలిస్తే బృందమంతటికీ పనికొస్తుంది.

అపోహ: బిజినెస్ శిక్షణ అంటే ఎంబీఏ, ఇంగ్లీషు, స్లైడ్లు.

కొన్నిచోట్ల అలాగే ఉంటుంది, మీ భయం అబద్ధం కాదు. కాఫీ షాపుల కంపెనీ ఉదాహరణలతో హరికథ భాగవతార్‌కి మార్కెటింగ్ చెప్పే ట్రైనర్లని నేనూ చూశాను. కానీ కళారంగం కోసమే తయారైన శిక్షణలూ దేశంలో ఉన్నాయి. నాటక బృందాల కోసం ఇండియా థియేటర్ ఫోరం, ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్, జునూన్ కలిసి నడిపిన 'స్మార్ట్' అలాంటిది. తెలుగులో ఇలాంటివి ఇంకా చాలా కావాలి.

మా క్లాసులో పెద్దగా సిద్ధాంతం ఉండదు. కార్యక్రమం ఖర్చు పట్టిక, ఏ నెలలో డబ్బు వస్తుంది ఏ నెలలో పోతుంది అన్న క్యాలెండర్, ఒక పేజీ ప్రతిపాదన, ఒక పేజీ ఒప్పందం. వీటిలో క్యాలెండర్ చూశాకే ఎక్కువమంది ఉలిక్కిపడతారు. గ్రాంట్లు విడతలుగా వస్తాయి, ముందు విడత ఖర్చుకి యుటిలైజేషన్ సర్టిఫికెట్ (ఇచ్చిన డబ్బు చెప్పిన పనికే ఖర్చయిందన్న పత్రం) ఇస్తేనే తర్వాతది కదులుతుంది. మంజూరైంది కదా అని అప్పు తెచ్చి కార్యక్రమం చేసేస్తే వడ్డీ కార్యదర్శి నెత్తిన పడుతుంది.

అపోహ: శిక్షణ తీసుకుంటే నిధులొస్తాయి.

అలా ఎవరైనా హామీ ఇస్తే ఆ క్లాసుకి వెళ్లకండి. మంచి లెక్కలున్నా గ్రాంటు రాని సంస్థలున్నాయి. భాషా సాంస్కృతిక శాఖ బడ్జెట్ మీ చేతిలో లేదు, కంపెనీల ఇష్టాయిష్టాలూ మీ చేతిలో లేవు. శిక్షణతో మీకు దొరికేది ఏ కార్యక్రమం చేయగలం, దేనికి వద్దనాలి అని తేల్చుకునే వీలు మాత్రమే.

ఇంకో చిక్కు: నేర్చుకున్న మనిషి అమెరికాలో కూతురి దగ్గరికి ఆరు నెలలు వెళ్లిపోతే సంస్థ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఒక్కో సంస్థ నుంచి ఇద్దర్ని పంపమంటాను, వాళ్లలో ఒకరు నలభై లోపు వాళ్లయితే మంచిది. వచ్చేటప్పుడు నోట్‌బుక్ అక్కర్లేదు. కిందటి కార్యక్రమం బిల్లులు కవర్లో ఎలా ఉన్నవి అలాగే, బ్యాంకు పాస్‌బుక్, రసీదు పుస్తకం పట్టుకొస్తే చాలు. బిల్లు లేకుండా ఇచ్చిన డబ్బులు గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసుకొస్తే క్లాసు అక్కణ్నుంచే మొదలుపెట్టేస్తాం.