క్లౌడ్ వనరుల ఆటోమేటిక్ డిస్కవరీ: అపోహలు, వాస్తవాలు

సొంత డేటా సెంటర్లోకి ఒక సర్వర్ వచ్చిందంటే దాని వెంట కొనుగోలు ఆర్డరు, ఇన్‌వాయిస్, పైన అతికించిన అసెట్ నంబరు వచ్చేవి. రిజిస్టరులోకి ఎక్కకుండా ర్యాకులోకి ఎక్కడం కష్టంగా ఉండేది. క్లౌడ్‌లో ఆ మెట్లేవీ లేవు. అనుమతి ఉన్న డెవలపరైనా, ఆయన రాసిపెట్టిన టెర్రాఫార్మ్ (వనరులను కోడ్‌తో సృష్టించే టూలు) స్క్రిప్టైనా నిమిషాల్లో పది మెషీన్లను, వాటి డిస్కులను, డేటాబేసును సృష్టించగలవు. అందుకే ఐటీ ఆస్తుల నిర్వహణ చేసేవారికి ఆటోమేటిక్ డిస్కవరీ, అంటే ఉన్న వనరులను టూలే వెతికి రిజిస్టరుకు ఎక్కించే పద్ధతి, తప్పనిసరి అయింది. అయితే ఈ పనిలో నేను చూసే చిక్కుల్లో ఎక్కువ భాగం, టూలు ఎక్కడెక్కడ చూడలేదో ఎవరూ అడగకపోవడం వల్ల వచ్చినవే.

అపోహ: ఆఫీసులో వాడుతున్న నెట్‌వర్క్ స్కానర్‌ను క్లౌడ్ వైపు తిప్పితే సరిపోతుంది.

వాస్తవం: స్కానర్‌కు ఐపీ చిరునామా ఉన్నదే కనిపిస్తుంది. ఎస్3 బకెట్ (ఫైళ్లు దాచే చోటు), లాంబ్డా ఫంక్షన్ (మనం సర్వర్ నడపకుండానే నడిచే కోడ్), మెసేజ్ క్యూ వంటివి మీ సబ్‌నెట్‌లో చిరునామా పెట్టుకుని కూర్చోవు. వాటిని ప్రొవైడర్ ఏపీఐని (ప్రోగ్రాములు ఆ సేవను ప్రశ్నించే మార్గాన్ని) అడిగే తెలుసుకోవాలి. పైగా ఐపీ చిరునామాను గుర్తింపుగా వాడటమే క్లౌడ్‌లో ప్రమాదం. అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్ ప్రతి రీజియన్‌లోనూ (డేటా సెంటర్లున్న ప్రాంతంలోనూ) ఇచ్చే డిఫాల్ట్ వీపీసీ (ప్రైవేటు నెట్‌వర్క్) చిరునామాల శ్రేణి ఒకటే, 172.31.0.0/16, కాబట్టి రెండు రీజియన్లలోని రెండు వేర్వేరు మెషీన్లకు ఒకే ప్రైవేటు చిరునామా ఉండవచ్చు, ఐపీతో జత కలిపే రిజిస్టరు వాటిని ఒకే వరుసగా కలిపేస్తుంది. ఏడబ్ల్యూఎస్‌లో ఏఆర్ఎన్‌ను (ప్రతి వనరుకూ ఉండే ప్రత్యేక పేరును), మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లో రిసోర్స్ ఐడీని ఆధారంగా తీసుకోవడం మంచి పద్ధతి. అజూర్ విషయంలో ఒక జాగ్రత్త ఉంది: వనరును ఒక రిసోర్స్ గ్రూపు (వనరులను కలిపి ఉంచే సమూహం) నుంచి మరో దానికి మారిస్తే దాని ఐడీ కూడా మారుతుంది. ఈ సంగతి తెలియని టూలు పాత వరుసను తొలగించినట్టు, కొత్తది పుట్టినట్టు చూపి, ఆ వనరు చరిత్రను రెండు ముక్కలు చేస్తుంది.

అపోహ: డిస్కవరీ నివేదికలో కనిపించలేదంటే ఆ వనరు లేనట్టే.

వాస్తవం: అపోహలన్నింటిలో ఎక్కువ నష్టం చేసేది ఇదే కాబట్టి దీని గురించి కొంత వివరంగా చెప్పాలి. ఏపీఐ మనం అడిగిన అకౌంటులో, అడిగిన రీజియన్‌లో, అడిగిన రకం వనరుల గురించి, మనకున్న అనుమతి మేరకే జవాబిస్తుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా నివేదిక శుభ్రంగానే వస్తుంది, కాకపోతే అసంపూర్తిగా వస్తుంది.

రీజియన్ సంగతి తీసుకుందాం. ఏడబ్ల్యూఎస్ 2016లో ముంబైలోనూ, 2022 నవంబరులో హైదరాబాదులోనూ రీజియన్లు ప్రారంభించింది. 2019 మార్చి 20 తరువాత వచ్చిన రీజియన్లు అకౌంటులో మొదట మూసి ఉంటాయి, కావాలనుకున్నవారు తెరుచుకోవాలి. హైదరాబాదు ఆ కోవలోనిదే. డిస్కవరీ స్క్రిప్టులో రీజియన్ల జాబితాను ఎప్పుడో చేత్తో రాసి వదిలేసిన సంస్థలో, ఒక బృందం తరువాత హైదరాబాదు రీజియన్‌ను తెరిచి పని మొదలుపెడితే, అక్కడి మెషీన్లు రిజిస్టరుకు చేరవు. ఇంకో మెలిక కూడా ఉంది: ఎస్‌టీఎస్ (తాత్కాలిక ప్రవేశ టోకెన్లు ఇచ్చే ఏడబ్ల్యూఎస్ సేవ) గ్లోబల్ ఎండ్‌పాయింట్ ఇచ్చే తాత్కాలిక టోకెన్లు డిఫాల్ట్ అమరికలో ఇలా తెరుచుకున్న రీజియన్లలో చెల్లవు. అప్పుడు వచ్చే లోపాన్ని స్క్రిప్టు మింగేసి సున్నా అని రాసుకుంటే, అనుమతి లేని చోటును ఖాళీ చోటుగా లెక్కకట్టినట్టవుతుంది. రీజియన్ల జాబితాను ప్రతిసారీ ఏపీఐ నుంచే అడిగి తెచ్చుకోవాలి. తిరస్కరణకు గురైన ప్రతి పిలుపునూ వేరే వరుసలో నమోదు చేయాలి.

అలాగే పెద్ద జాబితాలను ఏపీఐలు పేజీలుగా పంపుతాయి; తరువాతి పేజీ టోకెన్‌ను పట్టించుకోని స్క్రిప్టు మొదటి పేజీతోనే తృప్తిపడుతుంది. చిన్న అకౌంటులో పరీక్షించినప్పుడు ఈ లోపం బయటపడనే పడదు. ట్యాగుల (వనరుకు తగిలించే పేరు-విలువ చీటీల) ఏపీఐతో మొత్తం ఇన్వెంటరీ తీయాలనుకునేవారికి మరో చిక్కు ఎదురవుతుంది. ఏడబ్ల్యూఎస్ రిసోర్స్ గ్రూప్స్ ట్యాగింగ్ ఏపీఐ ప్రస్తుతం ట్యాగు ఉన్నవాటిని, ఒకప్పుడు ఉన్నవాటిని మాత్రమే ఇస్తుంది. ఎవరూ ఎన్నడూ ట్యాగు పెట్టని వనరు, అంటే మనం అందరికంటే ముందు వెతకాల్సినది, అందులో రాదు.

అపోహ: డిస్కవరీకి ఇచ్చేది చదివే అనుమతే కదా, దానితో ముప్పు లేదు.

వాస్తవం: ఏడబ్ల్యూఎస్ తయారుగా ఇచ్చే రీడ్ఓన్లీయాక్సెస్ పాలసీతో ఎస్3 బకెట్లలోని ఫైళ్లను కూడా చదవవచ్చు. బకెట్ పేరు, అమరికలు తెలుసుకోవడానికి అందులోని కస్టమర్ల పత్రాలు చదివే హక్కు ఎందుకు? వ్యూఓన్లీయాక్సెస్ లేదా సెక్యూరిటీఆడిట్ పాలసీతో మొదలుపెట్టి, కొరత పడిన అనుమతులను ఒక్కొక్కటిగా కలుపుకోవాలి. బయటి సంస్థ టూలైతే శాశ్వత యాక్సెస్ కీలు ఇవ్వకుండా, ఎక్స్‌టర్నల్ ఐడీ (ఆ సంస్థ చూపాల్సిన గుర్తు) షరతుతో కూడిన రోల్ (తాత్కాలికంగా వాడుకునే అనుమతుల గుర్తింపు) ఇవ్వాలి. అన్ని అకౌంట్లలోకీ తొంగిచూడగల రోల్ అది. రిజిస్టరులో మొదటి వరుసగా దాన్నే రాసుకోవాలని నేను అంటుంటాను.

అపోహ: రోజుకోసారి స్కాన్ చేస్తే ఇన్వెంటరీ తాజాగా ఉంటుంది.

వాస్తవం: ఆటోస్కేలింగ్‌లో (రద్దీని బట్టి మెషీన్లు వాటంతటవే పెరిగి తగ్గే ఏర్పాటులో) మధ్యాహ్నం పుట్టిన మెషీన్ సాయంత్రానికి ఉండకపోవచ్చు. తొలగించిన ఈసీ2 మెషీన్ (ఏడబ్ల్యూఎస్ వర్చువల్ మెషీన్) కాసేపు మాత్రమే కనిపించి మాయమవుతుంది కాబట్టి రాత్రి స్కానుకు దాని జాడ కూడా చిక్కదు. సృష్టి, తొలగింపు సంఘటనలను ఈవెంట్‌బ్రిడ్జ్ (సంఘటనలను చేరవేసే ఏడబ్ల్యూఎస్ సేవ) వంటి మార్గంలో ఎప్పటికప్పుడు అందుకుంటూ, జారిపోయినవాటిని పట్టుకోవడానికి రోజువారీ పూర్తి స్కాన్ కూడా ఉంచుకోవడం సరైన పద్ధతి. అంతమాత్రాన అల్పాయుష్షు గల ప్రతి మెషీన్‌కూ ఆస్తిగా ఒక వరుస అక్కర్లేదన్నది నా అభిప్రాయం. ఆస్తిగా ఆటోస్కేలింగ్ గ్రూపును రాసి, దాని కింది మెషీన్ల రాకపోకలను లాగ్‌గా భద్రపరిస్తే చాలు. ఆ లాగ్ మాత్రం ఉండి తీరాలి. మన దేశంలో సైబర్ భద్రతా సంఘటనలను చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటనను గుర్తించిన 6 గంటల్లోపు తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు ఉంచాలి. ఆ చిరునామా ఆ సమయంలో ఏ మెషీన్‌ది అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఈ రోజు స్కాన్ జవాబు చెప్పలేదు. గూగుల్ క్లౌడ్ అసెట్ ఇన్వెంటరీ చరిత్రను 35 రోజులే ఉంచుతుంది కనుక అంతకు మించి కావాలంటే మనమే దాచుకోవాలి.

అపోహ: ట్యాగుల వల్ల ఏది ఎవరిదో దానంతట అదే తెలుస్తుంది.

వాస్తవం: ఏడబ్ల్యూఎస్ ట్యాగు పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా ఉంటుంది, అజూర్ ట్యాగు పేర్లలో ఆ తేడా లేదు, గూగుల్ లేబుళ్లలో పెద్ద అక్షరాలే చెల్లవు. మూడింటి నుంచి వచ్చినవాటిని ఒక రూపంలోకి తేకుండా రిజిస్టరులో పోస్తే ఒకే బృందం మూడు బృందాలుగా కనిపిస్తుంది. అజూర్‌లో రిసోర్స్ గ్రూపుకు పెట్టిన ట్యాగు, పాలసీ పెట్టకపోతే, లోపలి వనరులకు సంక్రమించదు. సృష్టించినవారిని క్లౌడ్‌ట్రయిల్‌లో (ఏడబ్ల్యూఎస్ కార్యకలాపాల లాగ్‌లో) వెతుకుదామంటే ఈవెంట్ హిస్టరీ 90 రోజులదే, అక్కడా చాలాసార్లు కనిపించేది డిప్లాయ్‌మెంట్ పైప్‌లైన్ రోల్ పేరే. ఉద్యోగి పేరు రాస్తే ఆయన రాజీనామాతో ఆ ట్యాగు పనికిరాకుండా పోతుంది కాబట్టి బృందం పేరు, కాస్ట్ సెంటర్ రాయించడం మేలు.

అపోహ: నెల బిల్లే ఇన్వెంటరీ.

వాస్తవం: ఐఏఎం (అనుమతుల సేవ) రోల్‌కు, సెక్యూరిటీ గ్రూపుకు (ఫైర్‌వాల్ నియమాల సమూహానికి) బిల్లు ఉండదు. అయినా సరిచూసుకోవడానికి బిల్లు చాలా మంచి సాక్షి: బిల్లులో ఉండి రిజిస్టరులో లేని రీజియన్ ఉందంటే డిస్కవరీలో రంధ్రం ఉన్నట్టే. 2024 ఫిబ్రవరి 1 నుంచి ఏడబ్ల్యూఎస్ ప్రతి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకు గంటకు 0.005 డాలరు వసూలు చేస్తోంది కనుక ఆ చిరునామాలనూ బిల్లుతో పోల్చి చూడవచ్చు. ఎవరో సొంత క్రెడిట్ కార్డుతో తెరిచిన అకౌంటు మాత్రం సంస్థ బిల్లులోనూ ఉండదు. దాని కోసం ఖర్చుల రీయింబర్స్‌మెంట్లను, డీఎన్ఎస్ రికార్డులను వెతకాలి.

అపోహ: మెషీన్ రిజిస్టరుకు ఎక్కితే లైసెన్సుల లెక్క కూడా తేలినట్టే, మెషీన్ తీసేస్తే దాని కథ ముగిసినట్టే.

వాస్తవం: క్లౌడ్ ఏపీఐకి మెషీన్ పరిమాణం తెలుసు, లోపల మనం స్థాపించుకున్న సాఫ్ట్‌వేర్ తెలియదు. దానికి ఎస్ఎస్ఎం ఏజెంటు (మెషీన్‌లో నడిచే ఏడబ్ల్యూఎస్ ప్రోగ్రాము) వంటిది లోపల ఉండాలి. ఒరాకిల్ డేటాబేసు విషయంలో ఆ సంస్థ క్లౌడ్ విధానం ప్రకారం, హైపర్‌థ్రెడింగ్ (ఒక కోర్ రెండుగా పనిచేయడం) ఉన్నప్పుడు 2 వీసీపీయూలను (వర్చువల్ ప్రాసెసర్లను) 1 ప్రాసెసర్ లైసెన్సుగా లెక్కిస్తారు, కనుక మెషీన్ల సంఖ్యతో ఆ లెక్క తేలదు. ఇక తొలగింపు సంగతి: ఈసీ2 మెషీన్‌ను టెర్మినేట్ చేస్తే రూట్ డిస్కు మామూలుగా దానితోపాటే పోతుంది, విడిగా తగిలించిన అదనపు డిస్కులు మాత్రం డిఫాల్ట్‌గా మిగిలిపోతాయి, బిల్లు వస్తూనే ఉంటుంది. కాబట్టి మెషీన్ వరుసను చెరిపేయకుండా తొలగించిన తేదీతో ఉంచి, దానికి ముడిపడిన డిస్కులు, స్నాప్‌షాట్లు, చిరునామాలు ఒక్కొక్కటీ ఏమయ్యాయో చూసిన తరువాతే ఆ వరుసను మూసివేయాలి.