తిరువయ్యారులో పిల్లలతో కూర్చునే చోట్లు

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఈసారి త్యాగరాజ ఆరాధనకి మీరూ వస్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చంటివాణ్ణి వేసుకుని అంత జనంలో ఎలాగా అని తనకి టెన్షన్. అమ్మకి చెప్పండి, అక్కడ చోటు కన్నా వేళ చూసుకోవడం ముఖ్యం.

త్యాగరాజస్వామి 1847లో పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందారు. ఏటా ఆ తిథికి, పొద్దున్న తొమ్మిదింటి ప్రాంతంలో, సమాధి దగ్గర విద్వాంసులంతా బారులుగా కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో పంచరత్నాలు పాడతారు. అప్పుడు మాత్రం కాలు పెట్టే సందుండదు. మధ్యలోకి చొరబడకుండా పందిరి అంచున జంపఖానా పరుచుకోండి. పరిచేముందు లౌడ్‌స్పీకర్ మూతి ఎటు తిరిగి ఉందో చూడండి. దాని వెనక కూర్చుంటే చంటివాడు నిద్రపోతాడు కూడా. ఎదురుగా కూర్చున్నారా, ఎంత దూరం జరిగినా చెవులు గింగిర్లే.

పాట అవగానే జనం భోజనాలకి, బస్సులకి పరుగు తీస్తారు. మీరు కంగారుపడకండి, సమాధి దగ్గరికి వెళ్లడానికి అదే అదను. ఎదురుగా చేతులు జోడించిన బెంగుళూరు నాగరత్నమ్మగారి విగ్రహం ఉంటుంది. తన సొమ్ము పెట్టి ఆ సమాధి మందిరం కట్టించిన మనిషి ఆవిడ. ఆడవాళ్లని అక్కడ పాడనివ్వని రోజుల్లో పట్టుబట్టి పాడించింది కూడా ఆవిడే. పెద్దమ్మాయీ, నువ్వు సంగీతం నేర్చుకుంటున్నావుగా, ముందు ఆవిడకి దణ్ణం పెట్టు.

మిగతా కచేరీలు చాలావరకు చిన్నవి. ఒకటి అయ్యాక లేచి వచ్చేసినా ఎవరూ ఏమీ అనుకోరు. తమ్ముడు పేచీ పెడితే ఊళ్లోని పంచనదీశ్వరుడి గుడికి తీసుకుపోండి. ప్రాకారాలు విశాలం, పరిగెత్తినా తప్పులేదు. మధ్యాహ్నం మాత్రం తలుపులు మూసేస్తారు, సాయంత్రం పెట్టుకోండి.

కావేరి మెట్లు కూడా హాయిగానే ఉంటాయి. అయితే ఒక మాట. ఎగువన కావేరి మీదున్న మేట్టూరు ఆనకట్ట నుంచి నీళ్లు వదలడం మామూలుగా జనవరి 28న ఆపేస్తారు. పంచమి జనవరి మొదట్లో పడితే ఏట్లో నీళ్లు ఉంటాయి, పిల్ల చెయ్యి వదలకూడదు. ఫిబ్రవరికి జరిగితే చాలాచోట్ల ఇసుకే, ఆడుకోవచ్చు.

బస మటుకు తంజావూరులోనే పెట్టుకోండి, పదమూడు కిలోమీటర్లేగా. దారిలో వెన్నారు, వెట్టారు, కుడమురుట్టి నదులు, ఆఖరికి కావేరి వస్తాయి. వంతెనలు లెక్కపెట్టమంటే తమ్ముడు ఊరు వచ్చేదాకా అల్లరి చెయ్యడు. దోమల ఒడోమాస్ మర్చిపోకండి, సాయంత్రం ఏటి ఒడ్డున పీక్కు తింటాయి.

మీ
అమ్మమ్మ