ఎన్నో ఈత?

ప్రియమైన పిల్లలకు,

మీ వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న గొడవ నా దాకా వచ్చింది. 2025 వేసవిలో, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, హ్యూస్టన్ రాకెట్స్ జట్టు కెవిన్ డ్యురాంట్‌ని ఫీనిక్స్ నుంచి ట్రేడ్‌లో తెచ్చుకోవడం తెలివా, తొందరపాటా అనే కదా మీ తగాదా? మ్యాచ్‌కి 26 పాయింట్లు కొట్టేవాణ్ణి ఎవరు కాదంటారని ఒకరు. 37 నిండబోయే మనిషి కోసం 23 ఏళ్ల జేలెన్ గ్రీన్‌ని వదులుకుంటారా అని ఇంకొకరు. ఇద్దరూ అడగాల్సినదాంట్లో సగమే అడుగుతున్నారు.

సంతలో గేదెను బేరమాడేవాడు పూటకెన్ని లీటర్లిస్తుందని అడిగి ఊరుకోడు. ఎన్నో ఈత అంటాడు, నోరు తెరిచి పళ్లు చూస్తాడు. ఎన్‌బీఏలో జట్టు మేనేజరు పనీ అదే. తేడా ఒక్కటే: గేదెకు డబ్బిస్తే సరిపోతుంది, ఆటగాడికి సరిపోదు. మన ఆటగాళ్లనో, రాబోయే ఏళ్ల డ్రాఫ్ట్ పిక్‌లనో, అంటే ఏటా కొత్త కుర్రాళ్లను వరసలో ఎంచుకునే అవకాశాలనో, ఇవ్వాలి. వచ్చేవాడు గొప్పవాడా అని అందరూ చూస్తారు. పోయేదేమిటో సరిగా చూడనివాళ్లే ఎక్కువగా మునిగారు.

ముందు పళ్ల సంగతి. వయసు అన్నిటినీ ఒకేసారి తినేయదు. మొదట పోయేది పక్కకు జరిగే వేగం, అంటే డిఫెన్స్. తర్వాత రెండో ఎగురు: ఒకసారి ఎగిరి కిందికొచ్చి వెంటనే మళ్లీ ఎగరడం. ఆ తర్వాత రింగ్ దాకా దూసుకెళ్లి ఫౌల్ రాబట్టే శక్తి. చేతివాటం మాత్రం చివరిదాకా నిలుస్తుంది. ఎత్తు ఎటూ తగ్గదు. కాబట్టి ఎన్ని పాయింట్లు కొడుతున్నాడన్నదానికంటే ఎలా కొడుతున్నాడన్నది ముఖ్యం. డ్యురాంట్ దాదాపు ఏడడుగుల మనిషి, బంతిని తల పైనుంచి వదులుతాడు, ముందున్న డిఫెండర్ చెయ్యి దానికి అందదు. 2019 ఫైనల్స్‌లో మడమ నరం తెగి, ఆ తర్వాతి సీజన్ మొత్తం పోయినా ఆ షాట్ పోలేదు. 2024-25లో 36 ఏళ్ల వయసులో సగటు 26.6 పాయింట్లు, షూటింగ్ 52.7 శాతం, దూరం నుంచి వేసే త్రీ పాయింటర్లు 43 శాతం. అయితే ఆడింది 82లో 62 మ్యాచ్‌లే. ఆ 20 మ్యాచ్‌లకు కూడా జట్టు జీతం కడుతుంది.

ఆరడుగుల ఆటగాడు మెరుపు వేగంతో రింగ్ దగ్గరికి దూరి బతికేవాడైతే లెక్క వేరు. అతని ఫ్రీ త్రోల (ఫౌల్‌కి బదులుగా దక్కే అడ్డులేని షాట్ల) వరుస చూడండి. మ్యాచ్‌కి తొమ్మిది ప్రయత్నాలు ఏడు అయి, తర్వాత ఐదు అయ్యాయంటే కాళ్లు పోతున్నాయని అర్థం. పాయింట్ల సగటు తగ్గేది ఆ తర్వాతే. ఎందుకంటే పేరున్నవాడు షాట్లు ఎక్కువ వేసి సగటును కొన్నాళ్లు నిలబెట్టుకోగలడు.

ఆ ముసుగు తీసే లెక్క ఒకటుంది, ట్రూ షూటింగ్ అంటారు. ఫ్రీ త్రో ప్రయత్నాలను 0.44తో గుణించి మామూలు షాట్ల సంఖ్యకు కలపండి. వచ్చినదాన్ని రెట్టింపు చేసి, దానితో పాయింట్లను భాగించండి. 24 పాయింట్ల కోసం ఒకడు 20 షాట్లు, 5 ఫ్రీ త్రోలు వాడాడనుకుందాం: 20కి 2.2 కలిపితే 22.2, రెట్టింపు 44.4, ఫలితం 54 శాతం. ఇంకొకడు 14 షాట్లు, 6 ఫ్రీ త్రోలతో 22 పాయింట్లు చేస్తే 66 శాతం. ఈ మధ్య లీగ్ సగటు 57, 58 శాతం దగ్గర ఉంటోంది. అంటే మొదటివాడు 24 కొట్టి కూడా జట్టును వెనక్కి లాగుతున్నాడు. పేపరు హెడ్డింగులో మాత్రం అతని పేరే ఉంటుంది!

బంతి ఒక్కటే అన్నది కూడా మరవకండి. జట్టు మొత్తం మ్యాచ్‌కి వేసేది 90కి అటూ ఇటూగా షాట్లు. వచ్చేవాడు 18 వేస్తే ఆ 18 ఎవరివో పోవాలి. పోయినవి బెంచి మీదివాళ్ల చెత్త షాట్లయితే లాభం. ఇరవై రెండేళ్ల కుర్రాడు నేర్చుకునే షాట్లయితే నష్టం ఈ ఏడు కాదు, మూడేళ్ల తర్వాత కనబడుతుంది.

డెట్రాయిట్ 2008 నవంబరులో దీన్నే విస్మరించింది. 33 ఏళ్ల అలెన్ ఐవర్సన్ కోసం చాన్సీ బిలప్స్‌ని డెన్వర్‌కి పంపింది. ఐవర్సన్ అంతకు ముందటి సీజన్ సగటు 26.4. బిలప్స్ అంత కొట్టేవాడు కాదు, కానీ 2004 ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడు, రిచర్డ్ హామిల్టన్ స్క్రీన్ల (అడ్డుగా నిలబడ్డ సహచరుల) చుట్టూ తిరిగి బయటికొచ్చే క్షణానికి బంతిని అతని చేతిలో పెట్టేవాడు. ఆ చెయ్యి పోయాక హామిల్టన్ పరుగు వృథా అయింది. వరసగా ఆరుసార్లు కాన్ఫరెన్స్ ఫైనల్ (లీగ్ ఫైనల్‌కి ముందు మెట్టు) ఆడిన జట్టు, అంతకు ముందే 59 మ్యాచ్‌లు గెలిచిన జట్టు, 39 దగ్గర ఆగిపోయి మొదటి రౌండ్‌లో నాలుగుకు నాలుగూ ఓడింది. డెట్రాయిట్‌లో ఐవర్సన్ సగటు 17.4. డెన్వర్ ఏమో బిలప్స్‌తో 54 గెలిచి కాన్ఫరెన్స్ ఫైనల్‌కి వెళ్లింది. ఐవర్సన్ ఒప్పందం ఆ ఏడాదితో ముగుస్తుంది, జీతాల ఖాతా ఖాళీ అవుతుందన్న ఆశ కూడా ఆ ట్రేడ్ వెనక ఉంది. ఖాళీ అయింది కూడా. ఆ డబ్బు బెన్ గార్డన్, చార్లీ విల్లనువేవాల మీద పోసి, 2015-16 దాకా ఓటములకంటే ఎక్కువ గెలుపులు చూడలేదు.

జీతాల లెక్క కొంచెం విసుగే, కానీ తప్పదు. జట్టు జీతాల మొత్తానికి లీగ్ పెట్టే గీతను శాలరీ క్యాప్ అంటారు, 2025-26కి అది 15.46 కోట్ల డాలర్లు. డ్యురాంట్ జీతం ఒక్కడిదే 5.47 కోట్లు, అంటే మూడో వంతు పైనే. మిగిలిన 14 మంది జీతాలూ చూసుకోవాలి. క్యాప్ దాటిన జట్టు, వచ్చే జీతానికి దగ్గరగా జీతం పంపాలి. అందుకే గ్రీన్ 3.33 కోట్లు, డిల్లన్ బ్రూక్స్ సుమారు 2.11 కోట్లు కలిపి పెట్టారు. 5.44 అయింది, సరిపోయింది. ఇలా ఇద్దరి జీతాలు జోడించి ఒక పెద్ద జీతాన్ని తెచ్చుకోవడం, క్యాప్‌కి ఇంకా పైన ఉండే రెండో ఏప్రన్ అనే గీత దాటిన జట్టుకు నిషేధం. ఆ ఏడు ఆ గీత 20.78 కోట్లు. దాటితే ట్రేడ్‌లో నగదు కలపడానికీ వీల్లేదు, ఏడేళ్ల తర్వాతి మొదటి రౌండ్ పిక్ కూడా ట్రేడ్‌కి పనికిరాకుండా బిగుసుకుపోతుంది. పెద్ద స్టార్‌ని తెచ్చుకున్నాక తప్పు దిద్దుకుందామంటే దారులు మూసుకుపోయేది ఇక్కడే.

ఇక అసలు ప్రమాదం, డ్రాఫ్ట్ పిక్‌లు. ఎంత ఎక్కువ ఓడితే అంత పై వరసలో పిక్ దొరికే అవకాశం. కాబట్టి మన భవిష్యత్ పిక్ ఇంకొకరికి ఇస్తే మన ఓటమి వాళ్ల లాభం. వయసు మళ్లిన స్టార్ ఇవాళ గెలిపించి, రెండు మూడేళ్లలో వెళ్లిపోతాడు. సరిగ్గా ఆ తర్వాతే, మన పొలం బీడు పడ్డప్పుడే, ఇచ్చిన పిక్‌లు పండుతాయి. వరసగా రెండేళ్ల మొదటి రౌండ్ పిక్‌లు రెండూ ఇచ్చేయకూడదని లీగ్ నిబంధన ఉంది. 1980ల మొదట్లో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ చేసిన నిర్వాకం వల్ల వచ్చింది, అతని పేరుతోనే పిలుస్తారు. కానీ ఏడాది విడిచి ఏడాది ఇవ్వొచ్చు, మధ్య ఏడాదికి పిక్ మార్చుకునే హక్కు ఇవ్వొచ్చు. మునగాలనుకునేవాడికి ఆ సందు చాలు.

బ్రూక్లిన్ 2013లో ఆ సందులోంచే దూరింది. బోస్టన్ నుంచి 37 ఏళ్ల కెవిన్ గార్నెట్, 35 ఏళ్ల పాల్ పియర్స్ వచ్చారు, తోడుగా జేసన్ టెరీ. ఇచ్చింది 2014, 2016, 2018 మొదటి రౌండ్ పిక్‌లు, 2017లో మార్చుకునే హక్కు. దేనికీ ప్రొటెక్షన్ లేదు. అంటే పిక్ మొదటి నాలుగులో పడితే మాదే అన్న చిన్న షరతు కూడా లేదు. పియర్స్ సగటు 18.6 నుంచి 13.5కి, గార్నెట్‌ది 14.8 నుంచి 6.5కి దిగింది. బ్రూక్ లోపెజ్ పాదం ఎముక డిసెంబరులోనే విరిగింది. 44 గెలుపులు, రెండో రౌండ్‌లో మయామీ చేతిలో 4-1 ఓటమి, జీతాలు హద్దు దాటినందుకు 9 కోట్ల డాలర్లకు పైగా లగ్జరీ ట్యాక్స్. మరుసటి వేసవికి పియర్స్ లేడు, 2015 ఫిబ్రవరికి గార్నెట్ లేడు. 2015-16లో బ్రూక్లిన్ 21 గెలిచింది. దాని మూడో పిక్‌తో బోస్టన్ జేలెన్ బ్రౌన్‌ని తీసుకుంది. తర్వాతి ఏడు బ్రూక్లిన్‌ది 20-62, లీగ్‌లో అట్టడుగు. మొదటి పిక్ వాళ్లకే తగిలింది, ఇచ్చిన హక్కు ప్రకారం అది బోస్టన్‌కి పోయి 27వది చేతికొచ్చింది. బోస్టన్ ఆ మొదటి పిక్‌ని ఫిలడెల్ఫియాకి ఇచ్చి, మూడో పిక్‌తో పాటు ఇంకో భవిష్యత్ పిక్ కూడా రాబట్టి, జేసన్ టేటమ్‌ని తీసుకుంది. 2024లో బోస్టన్‌కి టైటిల్ తెచ్చింది ఆ ఇద్దరు కుర్రాళ్లే. అడుగున ఉండీ ఫలం దక్కని జట్టు కంటే దురదృష్టం ఈ ఆటలో ఇంకోటి లేదు.

అలాగని ముసలి స్టార్ అంటే పారిపోనక్కర్లేదు. 1995 ఫిబ్రవరిలో హ్యూస్టనే 32 ఏళ్ల క్లైడ్ డ్రెక్స్‌లర్‌ని పోర్ట్‌లాండ్ నుంచి తెచ్చింది. ముఖ్యంగా వదులుకున్నది ఓటిస్ థార్ప్‌ని. రీబౌండ్లలో లోటు పడింది, 47 గెలుపులతో ఆరో స్థానం, అయినా కప్పు గెలిచింది. హకీమ్ ఒలాజువాన్ లోపల ఇద్దరు డిఫెండర్లని లాగుతుంటే బయట నుంచి కొట్టే మనిషి వాళ్లకు కావాలి, డ్రెక్స్‌లర్ సరిగ్గా అదే. కాలేజీలో కలిసి ఆడినవాళ్లు కూడాను.

మరి మీ తగాదా. డ్యురాంట్‌నే రెండు జట్లు రెండు ధరలకు తెచ్చుకున్నాయి. 2023 ఫిబ్రవరిలో, 34 ఏళ్లప్పుడు, ఫీనిక్స్ బ్రూక్లిన్‌కి మికాల్ బ్రిడ్జెస్, క్యామ్ జాన్సన్, జే క్రౌడర్, ప్రొటెక్షన్ లేని 2023, 2025, 2027, 2029 పిక్‌లు, 2028లో మార్చుకునే హక్కు ఇచ్చింది. ఏడాది విడిచి ఏడాది, గమనించారా? ఫీనిక్స్‌కి దక్కింది ఒకసారి రెండో రౌండ్‌లో ఓటమి, ఒకసారి మొదటి రౌండ్‌లో 4-0 ఓటమి, మూడోసారి 36-46తో ప్లేఆఫ్సే లేవు. హ్యూస్టన్ 2025లో గ్రీన్, బ్రూక్స్, పదో పిక్, ఐదు రెండో రౌండ్ పిక్‌లు ఇచ్చింది. ఆ పదో పిక్ అసలు ఫీనిక్స్‌దే, బ్రూక్లిన్ మీదుగా హ్యూస్టన్‌కి చేరినది. తన ఓటములతో పండినదాన్నే ఫీనిక్స్ తిరిగి తెచ్చుకుంది. హ్యూస్టన్ తన సొంత భవిష్యత్ మొదటి రౌండ్ పిక్ ఒక్కటీ పెట్టలేదు. ఆమెన్ థాంప్సన్, షెంగూన్, జబారీ స్మిత్ అనే కుర్రాళ్లు ముగ్గురూ నిలిచారు. అంతకు ముందటి సీజన్‌లో 52 మ్యాచ్‌లు గెలిచి కూడా మొదటి రౌండ్‌లో గోల్డెన్ స్టేట్ మీద ఏడో మ్యాచ్‌లో ఓడిన జట్టది, గ్రీన్ ఆ సిరీస్‌లో సగటున 13.3 దగ్గర ఆగిపోయాడు. డిఫెన్స్ కుర్రాళ్లు చూసుకుంటారు, కష్టమైన షాట్ వేసే చెయ్యి ఒకటి తక్కువైంది. నా లెక్కలో ఈ ధరకు తెచ్చుకోవచ్చు. ఫీనిక్స్ ఇచ్చిన ధరకైతే 34 ఏళ్లప్పుడు కూడా వద్దనేవాణ్ణి.

నాకు గుచ్చుకునేది తర్వాతి ఒప్పందం. 2025 అక్టోబరులో ఇంకో రెండేళ్లకు 9 కోట్ల డాలర్లు రాశారు. అది ముగిసేసరికి అతనికి 39. గరిష్ఠంగా అడగగలిగినదానికంటే తగ్గించి ఒప్పుకున్నాడు, అదొక్కటే ఊరట. పైగా సీజన్ మొదలవకముందే, సెప్టెంబరులో, బంతిని నడిపించే పాయింట్ గార్డ్ ఫ్రెడ్ వాన్‌వ్లీట్ మోకాలి లిగమెంట్ తెగింది. షాట్ వేయడానికి తెచ్చినవాడు బంతి తెచ్చుకునే బరువూ మోయాల్సి వస్తే, నాలుగో క్వార్టర్‌కి కాళ్లు మిగలవు.

ఈసారి తెల్లవారుజామున లేచి మ్యాచ్ చూసినప్పుడు బాక్స్ స్కోర్‌లో పాయింట్ల గడి వదిలేసి, అతని ఫ్రీ త్రో ప్రయత్నాలు, వరస రాత్రుల్లో రెండో రాత్రి ఆడిన నిమిషాలు, షెంగూన్ వేసిన షాట్లు మూడూ ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఇరవై మ్యాచ్‌లకు రాశాక ఫోటో తీసి నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న