వాదనల గ్రాఫ్‌ను కుదించడం: అపోహలు - వాస్తవాలు

ఏ వాదన నిలుస్తుందో కంప్యూటర్‌తో తేల్చడానికి 1995లో ఫాన్ మిన్ డుంగ్ అనే పరిశోధకుడు ఇచ్చిన నమూనాలో ఉన్నవి రెండే: వాదనలు, వాటి మధ్య దాడులు. వాదనలను చుక్కలుగా, దాడులను బాణం గీతలుగా గీస్తే అదే గ్రాఫ్. వాదన లోపల ఏముందో అది పట్టించుకోదు. ఇంత పొదుపైన దాన్నీ ఇంకా చిన్నది చేయాలని చూస్తాం. తిప్పలు అక్కడే మొదలవుతాయి.

అపోహ: ఓడిపోయిన వాదనను తీసేస్తే నష్టం లేదు.

సగమే నిజం. ‘ఈ మందు ఇవ్వొచ్చు’ ఒక వాదన. ‘రోగికి ఆ మందు పడదు’ దానిపై దాడి. ‘ఆ అలర్జీ రిపోర్టు వేరొకరిది’ అనే మూడోది రెండోదాన్ని కొడుతుంది. మూడోదాన్ని ఎదిరించేది లేదు కాబట్టి రెండోది ఓడి, మొదటిది నిలబడుతుంది. ఇప్పుడు రెండోదాన్ని చెరిపేసినా జవాబు మారదు. సరే, రేపు ‘రిపోర్టు ఈ రోగిదే’ అని తేలితే? మూడోది పడిపోతుంది. రెండోది లేచి మందును ఆపాలి, కానీ అది గ్రాఫ్‌లోనే లేదు! సిస్టమ్ ధీమాగా మందు ఇవ్వమంటుంది. ఒక్కసారి లెక్క చూసి వదిలేసే గ్రాఫ్ అయితే తీసేయండి. కొత్త సమాచారం వచ్చిపడే చోట మాత్రం పక్కన పెట్టండి, చెరపకండి.

అపోహ: తనను తానే ఖండించుకునే వాదన చెత్త.

ఏ సెమాంటిక్స్, అంటే ఏ వాదనలు కలిసి గెలుస్తాయో తేల్చే పద్ధతి, వాడుతున్నారో ముందు చెప్పాలి. అలాంటి వాదన ఎప్పటికీ గెలవదు, నిజమే. కానీ అది ఇంకో వాదనపై దాడి చేస్తూ, దాన్ని తిప్పికొట్టేది ఏదీ లేకపోతే, ప్రిఫర్డ్ (తమలో తాము కొట్టుకోకుండా, తమపై దాడులన్నీ తిప్పికొట్టే, ఇంకా పెంచలేని గుంపులు), గ్రౌండెడ్ (ఎదిరించేది లేని వాదనల నుంచి మొదలుపెట్టి తప్పనిసరిగా గెలిచేవి మాత్రమే) పద్ధతుల్లో ఆ రెండో వాదనా నెగ్గదు. తాను గెలవదు, ఎదుటిదాన్నీ గెలవనివ్వదు. స్టేబుల్‌లో (గెలిచే గుంపు తమలో తాము కొట్టుకోకుండా, తనలో లేని ప్రతి వాదననూ కొట్టాలనే పద్ధతి) ఆ దాడి గీతను నిశ్చింతగా తీసేయొచ్చు, తర్వాత ఏం చేర్చినా ఫలితం మారదు. వాదననే తీసేస్తే మాత్రం అక్కడా జవాబు మారొచ్చు. ఏ పద్ధతికి ఏ గీతలు అనవసరమో ఒయికారినెన్, వోల్ట్రాన్ అనే పరిశోధకులు 2011లో తేల్చారు. ఇలా తనను తాను కొట్టుకునే వాదన ఒక్కటీ లేని గ్రాఫ్‌లో, ముందుముందు ఏం చేరుతుందో తెలియనప్పుడు, ఈ మూడు పద్ధతుల్లోనూ ఒక్క గీతనూ కదపలేం. నాకిది ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

అపోహ: కుదించకపోతే లెక్క తేలదు.

గ్రౌండెడ్‌కి ఆ టెన్షన్ అక్కర్లేదు, పెద్ద గ్రాఫ్‌లోనూ త్వరగానే తేలుతుంది. ప్రిఫర్డ్‌లో ‘ప్రతి ఎక్స్‌టెన్షన్‌లోనూ (కలిసి గెలిచే గుంపులోనూ) ఈ వాదన ఉందా’ అన్న ప్రశ్నే అసలు కష్టం. ముందు గ్రౌండెడ్ నడిపి, తేలిపోయినవాటిని పక్కన పెట్టి, మిగిలినదాని మీదే శ్రమ పెట్టండి.